పులుపెరిగిన నాలుక

గూడూరు పేరు చెప్పగానే తెలుగువారికి రెండు వస్తువులు స్ఫురించును. ఒకటి అభ్రకము, రెండవది నిమ్మపండు. అభ్రకపు గనుల ప్రాభవము చాలవరకు గతించినది, నిమ్మ నిలిచినది. చెన్నపట్టణమునుండి ఉత్తరముగా సాగు రైలుమార్గమును, రేణిగుంటనుండి వచ్చు మార్గమును కలిసికొను కూడలి ఈ పట్టణము. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. చుట్టుపట్ల తోటలనుండి, వెంకటగిరి సైదాపురముల వైపునుండి బస్తాలలో వచ్చిన కాయ గూడూరు సంతలో రాసులుగా పోయబడి, ఇక్కడినుండి లారీలమీద ఉత్తరదేశపు నగరములకు పోవును.

సంతలో కొనువాని చూపు చూడదగినది. రాసివద్ద వంగి నాలుగు కాయలు చేతిలోనికి తీసికొనును. తొక్క పలుచనా, దళసరియా? పచ్చదనము విడిచి పసుపు తిరిగినదా? గజ్జి తెగులు మచ్చలున్నవా? కాయ పెద్దదా, చిన్నదా? ఇవి ఆతడు చూచునవి. వ్రేళ్లతో నొక్కి లోని రసమును అంచనా కట్టును. నాలుకపై పిండి చూచుట మాత్రము అరుదు. పులుపుకొరకే కొనబడు పండునకు పులుపు చూడకయే ధర కట్టుచున్నారన్నమాట. ఇందుకు వర్తకుని నిందింప నక్కరలేదు. మచ్చకాయ దూరప్రయాణమునకు ఓర్వదని ఆతని భయము; ఆ దూరపు నగరములో కొనువారును కంటితోనే కొందురు. అయినను తొక్కపై నాలుగు మచ్చలుండుటచేత ధర తగ్గిన రైతునకు, తన కాయలోని రసమును ఎవరును అడుగలేదే యన్న బాధ ఉండక మానదు.

ఆ పులుపునే నాలుకపై నిలుపుకొని, కన్నులు మూసికొని, దానికి తగిన పేరు వెదకువారు వేరొక చోట ఉన్నారు. ఐరోపాలోను, అమెరికా ఆస్ట్రేలియాలలోను వారాంతపు సెలవులకు మిత్రులు కొందరు పట్టణము విడిచి ఏ పల్లెటూరి యింటికో పోయి, తెల్ల ద్రాక్షాసవములను రుచిచూచి పోల్చుకొనుట ఒక వేడుక. ఒక్కొక్కరు ఒక్కొక్క సీసా తెత్తురు. సీసాలకు గుడ్డయో కాగితపు సంచియో తొడిగి, పైన అంకెలు వేయుదురు. పెద్ద బల్ల, దానిపై తెల్లని దుప్పటి, ఒక్కొక్కరి యెదుట ఐదారు గ్లాసులు, ఒక చిన్న పుస్తకము, పెన్సిలు, మధ్య మధ్య నాలుక కడుగుకొనుటకు నీరు, రొట్టె ముక్కలు. చూచుటకు ఇది పరీక్షాశాలవలె కనిపించును. వాదము మొదలైన తరువాత మాత్రము సాహిత్యగోష్ఠివలె వినిపించును. ఆ పుస్తకములలో గ్లాసు అంకెకు ఎదుట మొదట వ్రాయబడు మాట తరచుగా నిమ్మ. గూడూరు పసిబాలునకు ఊహ తెలిసినప్పటినుండి తెలిసిన మాట అది.

మన పట్టణములలో వైను దుకాణమను పలక క్రింద అమ్ముడుపోవునది చాలవరకు వైను కాదు. విస్కీ, బ్రాందీ, బీరు. కావున వైను అనగా నేమో చెప్పవలసియున్నది. ద్రాక్షరసము పులియగా ఏర్పడునది వైను. నల్లద్రాక్షను తొక్కతోకూడ పులియబెట్టినచో ఎఱ్ఱ వైను అగును. రంగును, వగరును తొక్కలోనివే. తెల్ల వైనునకు ముందుగానే రసము పిండి, తొక్కను వేరుపరతురు. అందుచేత వగరు స్వల్పము. రంగు పోయినది, వగరు పోయినది, మిగిలినదేమి? పులుపు, పరిమళము, ఒక్కొక్కదానిలో కొంత తీపి. ఇంటికి దూలమువలె తెల్ల వైనునకు పులుపు ఆధారము. అది తగ్గినచో తక్కిన గుణములన్నియు చప్పబడిపోవును. కనుకనే తెల్ల వైనులను పోల్చువారు మొట్టమొదట పులుపును తూచుదురు.

ఆ పులుపు ఒక్కటి కాదు. అందులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లము. ఇది ద్రాక్షలో వలెనే మన చింతపండులో సమృద్ధిగా ఉన్నది. రెండవది మాలిక్ ఆమ్లము. పచ్చి ఆపిలు పండు పులుపు ప్రధానముగా దీనివలన. పచ్చిమామిడిలోను కొంత కలదు. మూడవది సిట్రిక్ ఆమ్లము, అనగా నిమ్మ పులుపు. ద్రాక్షలో ఇది కొద్ది. నాలుగవది పండులో పుట్టినది కాదు. కొన్ని వైనులను మొదట పులిసిన తరువాత ఒక విధమైన సూక్ష్మజీవులకు అప్పగింతురు. అవి పదునైన మాలిక్ ఆమ్లమును మెత్తనైన లాక్టిక్ ఆమ్లముగా మార్చును. లాక్టిక్ ఆమ్లమనగా మన మజ్జిగ పులుపే. చింతపండు, పచ్చిమామిడి, నిమ్మకాయ, మజ్జిగ! ఐరోపా రుచికారుడు ఏండ్ల తరబడి అభ్యసించి వేరుపరచు ఈ నాలుగు పులుపులను తెలుగువారి పిల్లలు పప్పులోను, పచ్చడిలోను, చారులోను, చివరి ముద్దలోను రోజును చవిచూచుచునే యున్నారు. వేరు వేరుగా తెలియును. కాని వేరు వేరు పేర్లు పెట్టుకొనవలసిన అవసరము రాలేదు. మనకు అన్నియు పులుపే.

పరిమాణములోనికి వచ్చినచో నిమ్మయే బలవత్తరము. నిమ్మరసములో లీటరునకు సుమారు 60 నుండి 70 గ్రాముల ఆమ్లముండును. తెల్ల వైనులో సాధారణముగా 5 నుండి 8 గ్రాములు. పి.హెచ్. అను కొలతలో నిమ్మరసము 2కు కొంచెము పైన, తెల్ల వైను 3కు కొంచెము పైన నిలుచును. ఈ కొలతలో ఒక్క అంకె తేడా యనగా పది రెట్ల తేడా అని విద్యార్థులెరుగుదురు. ఒక పాలు గూడూరు నిమ్మరసమునకు తొమ్మిది పాళ్లు నీరు చేర్చినచో, ఆమ్లము మట్టుకు, అది తెల్ల వైనుతో సరితూగునని దీని తాత్పర్యము.

ఇక చూచు విధము. గ్లాసును మొదట వెలుతురునకు ఎత్తి రంగు చూతురు: నీటివలె తేటయా, గడ్డివన్నెయా, ముదురు బంగారు వన్నెయా అని. తరువాత గ్లాసును గుండ్రముగా త్రిప్పి వాసన చూతురు. ఆ తరువాతనే ఒక గుక్క నోటిలోనికి తీసికొందురు. మింగరు, నోరంతయు తిప్పి, కొంచెము గాలిని లోనికి పీల్చి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయుదురు. వృత్తిరీత్యా రుచిచూచువారు ఒక్క పూటలో పదుల కొలది గ్లాసులు చూడవలసి వచ్చును. మింగినచో పదవ గ్లాసు నాటికి నాలుకయు బుద్ధియు రెండును సెలవు తీసికొనును. ఉమ్మివేసిన తరువాత నోటిలో ఎంత నీరూరినదో గమనింతురు. తీపి పులుపును కప్పిపుచ్చగలదు గాని ఊరు లాలాజలమును ఆపలేదు. చింతకాయను తలచుకొన్నంతనే నోరూరు మనవారికి ఈ సూత్రము వివరింప నక్కరలేదు.

నోటిలో తెలియు రుచి చాలవరకు నోటిది కాదు. నాలుకకు తెలిసినవి ఐదే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో జపాను రసాయనవేత్త ఇకెడా పేరుపెట్టిన ఉమామి. మన షడ్రసములలోని కారము, వగరు శాస్త్రదృష్టిలో రుచులు కావు. ఒకటి మంట, రెండవది స్పర్శ. తక్కిన వైవిధ్యమంతయు గొంతువెనుకనుండి ముక్కునకు చేరు వాసనయే. పడిశము పట్టినప్పుడు నిమ్మరసము కేవలము పులినీరై తోచుటకు కారణమిది. అతిగా చల్లార్చినను వాసన అణగిపోవును. అందుకే తెల్ల వైనును మంచువలె గాక 8 నుండి 12 డిగ్రీల చల్లదనమున ఉంచి చూతురు.

పోల్చుటకు తరచుగా ఎన్నుకొను ద్రాక్షజాతులు మూడు. జర్మనీకి చెందిన రీస్లింగ్ మిక్కిలి పులుపు కలది. నిమ్మతొక్క వాసన దానికి సహజము. ముదిరినకొలది అందులో కిరసనాయిలును పోలిన వాసన పుట్టుట ఒక వింత, దానినే గొప్పగా మెచ్చుకొనువారుండుట మరియొక వింత. ఫ్రాన్సులో పుట్టి న్యూజీలాండులో పేరు పెంచుకొన్న సోవిన్యాన్ బ్లాంక్ అప్పుడే కోసిన గడ్డివలె పచ్చివాసన వేయును. బెంగుళూరు మిరపకాయకు ఆ వాసననిచ్చు పదార్థముల కుటుంబమే దీనికిని ఇచ్చుచున్నది. బర్గండీ ప్రాంతపు షార్డొనే స్వతహాగా మౌనముద్ర వహించునది. చేయువాడు పలికించినట్లు పలుకును: పీపాలో నుంచినచో కొయ్యవాసన, మజ్జిగపులుపు మార్గము పట్టించినచో వెన్నవాసన. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో అనుభవములేనివాడును తేడా చెప్పగలడు. ఒకే జాతిని, రెండు దేశములనుండి తెచ్చి, పేరు దాచి పెట్టినప్పుడే అసలు పరీక్ష.

అట్టి పరీక్ష ఒకటి చరిత్రకెక్కినది. 1976 మే 24న పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వైను వర్తకుడు, తనతో పనిచేయు పెట్రీషియా గాలహర్ అను అమెరికను వనితతో కలిసి, కాలిఫోర్నియా వైనులను ఫ్రాన్సు వైనుల ప్రక్కన పెట్టించెను. న్యాయనిర్ణేతలు తొమ్మండుగురు, అందరును ఫ్రెంచివారే, అందరును ఆ విద్యలో పేరుమోసినవారే. తెల్లవాటిలో కాలిఫోర్నియా షార్డొనేలు ఆరు, బర్గండీనుండి నాలుగు. పేర్లు దాచిరి. కంటికి, ముక్కునకు, నోటికి, మొత్తపు పొందికకు కలిపి ఇరువదికి మార్కులు వేయించిరి. ఫలితము ముందే తెలిసినదని అందరి నమ్మకము; అందుచేత వచ్చిన పత్రికారచయిత ఒక్కడే, టైమ్ పత్రికకు చెందిన జార్జి టేబర్. ఏ గ్లాసులో ఏమున్నదో ఆతని చేతిలోని పట్టికలో ఉన్నది; నిర్ణేతలకు లేదు. ఒకరు ఒక గ్లాసు చూచి, హమ్మయ్య, మరల ఫ్రాన్సునకు వచ్చితిమని సంతోషించిరి. ఆ గ్లాసులోనిది కాలిఫోర్నియా వైను. మరియొకరు వాసనయే లేదు, ఇది నిశ్చయముగా కాలిఫోర్నియాదని తేల్చిరి. అది బర్గండీలోని మేటి తోటలలో ఒకదానిది. మార్కులు కూడగా తెల్లవాటిలో మొదటి స్థానము షాతో మాంటెలీనా అను కాలిఫోర్నియా సంస్థ 1973లో చేసిన షార్డొనేకు వచ్చెను. ఎఱ్ఱవాటిలోను కాలిఫోర్నియాదే గెలుపు. నిర్ణేతలలో ఒకరైన ఓడెట్ కాన్, ఫ్రాన్సు వైను పత్రికకు సంపాదకురాలు, తాను మార్కులు వేసిన కాగితములు తిరిగి ఇమ్మని అడిగినదట. పాపము, కాగితమును తిరిగి తీసికొనవచ్చును గాని నాలుక చెప్పినదానిని తిరిగి తీసికొనుట ఎట్లు?

ఆ తొమ్మండుగురిని పరిహసించుట సులభము, న్యాయము మాత్రము కాదు. వారు నిజాయితీతో రుచిచూచిరి గనుకనే ఆ ఫలితము వచ్చినది. పేరు కనబడియుండినచో వారి అనుభవమంతయు పేరువైపే నిలిచియుండెడిది. కన్ను నాలుకను ఎంతదూరము నడిపింపగలదో 2001లో ప్రకటితమైన మరియొక ప్రయోగము చూపినది. బోర్డో విశ్వవిద్యాలయమున వైను శాస్త్రము చదువు విద్యార్థులు 54 మందికి ఒకే తెల్ల వైనును రెండు గ్లాసులలో ఇచ్చిరి. ఒకదానిలో వాసన లేని ఎఱ్ఱరంగు కలిపిరి. రంగువేసిన తెల్ల వైనును వారు ఎఱ్ఱ వైనునకు వాడు మాటలతోనే వర్ణించిరి. ముక్కు చెప్పవలసినదానిని కన్ను ముందుగా చెప్పివేసినది. గూడూరు సంతలోని మచ్చకాయ గుర్తునకు రాకమానదు.

ఇదంతయు పరదేశపు ముచ్చట యనుకొనుట పొరపాటు. ద్రాక్షాసవములను ఊరి పేరుతో వేరుపరచు అలవాటు మనదేశమున ప్రాచీనము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యభేదములను చెప్పి, వాని పాళ్లను వివరించి, ద్రాక్షరసమునుండి వచ్చినదే మధువనియు, అది పుట్టిన చోటునుబట్టి కాపిశాయనము, హారహూరకము అని పేర్లు పొందుననియు వ్రాసెను. కాపిశి నేటి అఫ్గనిస్థానమున కాబూలునకు ఉత్తరముననున్న ప్రాచీన నగరము. కాపిశి పేరునుండి కాపిశాయన శబ్దము పుట్టు విధమునకు పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసెను. బర్గండీ అని ఊరిపేరుతో వైనును పిలుచుటకు, కాపిశాయనమని పిలుచుటకు భేదమేమి?

ప్రబంధకవులు మధుపానమును అష్టాదశ వర్ణనలలో నొకటిగా పాటించిరి. మిత్రులిద్దరు ఊరు చూడబోయి కనబడినదానినెల్ల చవిచూచి తూచి మాటాడుకొనుట మనకు క్రీడాభిరామములోనే ఉన్నది. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో చేసినది అదే. అంతకంటె చిత్రమేమనగా మన ఆలంకారికులు కవిత్వమును కొలుచుటకు పండ్లనే ఎంచుకొనిరి. నోట వేసికొన్నంతనే రసమిచ్చునది ద్రాక్షాపాకము, తొక్క ఒలిచిన తరువాత ఇచ్చునది కదళీపాకము, పగులగొట్టినగాని ఈయనిది నారికేళపాకము. రసమన్న మాట పండులోనిదానికిని, కావ్యములోనిదానికిని ఒక్కటియే. నిమ్మపాకమని ఒకదానిని ఎవరును చేర్చకపోయిరి. వ్యంగ్యరచనకు అది చక్కగా అమరియుండెడిది.

తెలుగునేలమీద తెల్ల వైను చేసిన జాడయు ఉన్నది. 1666-67 సంవత్సరములలో గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, భాగ్యనగరమున ద్రాక్షతోటలున్నవనియు, పండ్లు జనవరిలో పండుననియు, కొన్ని తీగలనుండి ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు కోయుదురనియు, వానితో తెల్ల వైను చేయుదురనియు వ్రాసియున్నాడు. దాని రుచి ఎట్టిదో ఆతడు మనకు మిగిల్చిన మాటలనుబట్టి చెప్పుట కష్టము. జనవరి ద్రాక్ష అను మాట మాత్రము ఫ్రాన్సువారికి అద్భుతమై తోచియుండును. అక్కడ ఆ నెలలో తీగలు ఆకురాల్చి మొద్దులై నిలుచును. అనాబ్-ఎ-షాహీ అను పెద్ద తెల్లద్రాక్ష హైదరాబాదునకు వచ్చినది చాల తరువాత, 1890 ప్రాంతమున; తెచ్చినవాడు అబ్దుల్ బాఖర్ ఖాన్. అది తినుటకు పండిన పండుగానే ఇంటింట పేరుపొందినది.

ఇంతవరకు చెప్పినది విన్న నెల్లూరు సీమ ఉపాధ్యాయుడు ఎవరైనను ఒక ప్రశ్న వేయక మానడు. మద్యపు మాట బడిపిల్లలు చదువు పుటలో ఏల? ఆ ప్రశ్నకు ఈ సీమలో హక్కు ఉన్నది. 1991లో నెల్లూరు జిల్లాలో, నాడు గూడూరు కూడ ఆ జిల్లాలోనిదే, అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండెను. రాత్రిబడులలో పలకపట్టిన స్త్రీల వాచకములో, సారా దుకాణమును మూయించిన ఆడవారి కథ ఒక పాఠముగా ఉండెను. దూబగుంట గ్రామపు స్త్రీలు ఆ పాఠము చదివి ఊరుకొనలేదు. తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతట వినబడెను. 1992లో ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1న ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి. ఒక వాచకములోని పాఠము దుకాణము మూయించిన ఘట్టము ఏ దేశపు విద్యాచరిత్రలోనైనను అరుదు. ఉపాధ్యాయులు దీనిని తమ చరిత్రగా చెప్పుకొనదగును.

సారాను ఎవరును రుచిచూడలేదు. కూలిడబ్బు చేతబట్టుకొని సాయంకాలము పొట్లమును చింపి గొంతులో పోసికొనువానికి రుచి ఒక అడ్డంకి. అది తెలియకుండుటకే వెంట ఊరగాయ ముక్కయో ఉప్పో నాకును. ఆతడు నోటిని దాటించుకొనవలెనని చూచును. రుచికారుడు నోటిలోనే నిలుపుకొని, చివరకు ఉమ్మివేయును. ఇరువురి చేతులలోను మద్యమే ఉన్నను పని ఒక్కటి కాదు. అయినను వారాంతపు విందులకు పోయిన మిత్రులందరును చివరి గ్లాసుదాక ఉమ్మివేయుచునే యుందురని నమ్ముటకు లోకానుభవము అంగీకరింపదు. ఆరంభమున పరీక్షగా ఉన్నది దీపాలవేళకు పానగోష్ఠిగా మారుట తరచు. కనుక ఆ విద్యలోని మేలైన పాలును గ్రహింపదలచినవారికి మద్యమే లేని త్రోవ ఒకటి కావలెను. గూడూరు వంటి ఊరిలో అది చేతికందు దూరములోనే ఉన్నది.

ఆ త్రోవకు ముందు ఒక తేనీటి కథ. 1920ల తొలినాళ్లలో ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, కప్పులో ముందు పాలు పోసిరో, ముందు తేనీరు పోసిరో త్రాగి చెప్పగలనన్నదట. అక్కడనే పనిచేయుచుండిన గణితవేత్త ఫిషర్ ఆ మాటను నవ్వి త్రోసివేయక, పరీక్షగా మార్చెను. ఎనిమిది కప్పులు, నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో తేనీరు ముందు, వరుస కలగాపులగము. ఆ నాలుగును ఏవో ఎన్నవలెను. ఎనిమిదింటిలో నాలుగింటిని ఎన్నుకొను విధములు 70. అందులో సరియైనది ఒక్కటే. ఊహతో చెప్పువాడు గెలుచుటకు 70లో ఒక వంతు మాత్రమే అవకాశము. 1935లో వెలువడిన ప్రయోగరచనా గ్రంథమున ఫిషర్ ఈ కథతోనే తన వాదము నారంభించెను. ఆమె పేరు గాని, ఫలితము గాని అందులో చెప్పలేదు. ఆమె సరిగానే చెప్పినదని తరువాత కొందరు వ్రాసిరి.

గూడూరు ప్రాంతమున నలుగురు ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆదివారము తోటలో కూడిరనుకొందము. వారికి కావలసినవి ఎనిమిది గ్లాసులు, రెండు రకముల కాయలు, ఒక కొలపాత్ర. ఒక కుప్పలో గజ్జిమచ్చల కాయలు, రెండవదానిలో నున్నని కాయలు. రెండును ఒకే తోటవి, ఒకే నాడు కోసినవి కావలెను, లేకున్న పరీక్ష చెడును. ఒకరు చాటున కూర్చుండి పిండవలెను; తొక్కనూనె రసములో పడకుండ జాగ్రత్తపడవలెను, ఆ వాసన పులుపును మరుగుపరచును. పాలు ఒకటికి నీరు తొమ్మిది. తెల్ల వైను పులుపునకు సరియగు పాకము. చక్కెర వేయరాదు. నాలుగు గ్లాసులలో మచ్చకాయ రసము, నాలుగింటిలో నున్నకాయ రసము. అడుగున చీటీలంటించి, వరుస మార్చి, బల్లపైకి పంపవలెను. తక్కిన మువ్వురు ఒకరినొకరు చూచుకొనక రుచిచూచి కాగితముపై వ్రాయవలెను. మాటాడుట నిషిద్ధము; ఒకరు ఆహా అన్నచో రెండవవాని నాలుక వెంటనే అటు తిరుగును. గ్లాసునకు గ్లాసునకు నడుమ ఒక గుక్క నీరు, చిటికెడు మరమరాలు.

వ్రాయవలసినది బాగున్నది, బాగులేదు అని కాదు. పులుపు నాలుక కొననంటినదా, దవడలు లాగినదా. వెంటనే మాయమైనదా, నిలిచినదా. వెనుక చేదు కలదా. వాసన పువ్వుదా, ఆకుదా, తొక్కదా. మొదటి అరగంట మాటలు దొరకవు. పిమ్మట ఇంటి మాటలే ఒక్కొక్కటి బయలుదేరును: దోరమామిడివలె, పులిసిన మజ్జిగ తేటవలె, కొత్త చింతపండువలె, ఉసిరికవలె. వీనిలో ఒక్కటియు అరువు తెచ్చుకొన్న మాట కాదు. వేసవి కాయకు, వానకారు కాయకు తేడా చెప్పగలనని పందెమాడువారికి ఇదే పరీక్ష మరియొక ఆదివారము పెట్టవచ్చును. వానకారులో కాయ విరివిగా వచ్చి ధర పడిపోవును. వేసవిలో కాయ కరవై ధర ఎక్కును. 2022 వేసవిలో దేశమంతట నిమ్మకాయ ధర వార్తలకెక్కినది. ధరలో ఉన్న తేడా రుచిలోను ఉన్నదా అని ఎనిమిది గ్లాసులనడిగి తెలిసికొనవచ్చును. ఉన్నత పాఠశాలలో రసాయనశాల ఉన్నచో క్షారముతో ఆమ్లమును కొలిచి, నాలుక చెప్పినదానిని బ్యూరెట్టు చెప్పినదానితో సరిచూచుకొనవచ్చును.

మువ్వురును ఎనిమిది గ్లాసులు ముగించి కాగితములు మడిచిన తరువాత చాటుననున్న మిత్రుడు వచ్చి గ్లాసులు తలక్రిందులు చేసి చీటీలు చదువును. మచ్చకాయ రసమును నున్నకాయదిగా మెచ్చుకొన్నవాడు ఒకడుండక మానడు. ఆతడు మూడవ గ్లాసు విషయమున చీకటిపడువరకు వాదించును. మిగిలిన పండ్లను ఎవరును వృథా చేయరు. ఊరగాయకు తొక్క ముఖ్యము గనుక నున్నని కాయలు జాడీలోనికి పోవును. మచ్చకాయల రసము ఆ రాత్రి పులిహోరలోనికి.